నాలుగో చుక్క

నాన్నా,

హామ్ రేడియో పోటీకి నువ్వు పంపిన లాగ్ (మాట్లాడిన స్టేషన్ల జాబితా) మీద వచ్చిన తనిఖీ నివేదిక చదివాను. అవతలి స్టేషన్ గుర్తింపు పేరైన కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం తప్పు రాసినందుకు ఆ కాంటాక్టు కొట్టేసి, పైగా దాని పాయింట్లకు రెండింతలు అదనంగా కోయడం అన్యాయమని ఫోనులో అన్నావు. వేరే ఖండం కాబట్టి మూడు పాయింట్లు. పోయినవి మూడు, కోసినవి ఆరు. ఆ దేశంతో నీకున్న కాంటాక్టు అదొక్కటే కనుక మొత్తం పాయింట్లను హెచ్చించే మల్టిప్లయర్ కూడా ఒకటి ఊడింది. కడుపు మండుతుంది, నిజమే. అయినా నీ పక్షాన మాట్లాడలేను.

అవతలి ఆపరేటర్ పంపింది హెచ్, నువ్వు రాసింది ఎస్. మోర్స్‌లో ఎస్‌కు మూడు చుక్కలు, హెచ్‌కు నాలుగు. పోటీ వేగంలో ఆ నాలుగో చుక్క జారిపోవడం వింత కాదు, నాకూ ఎన్నోసార్లు జారింది. కానీ నీకు జారలేదు, నువ్వు అసలు వినలేదు. ఎవరు ఎక్కడ వినిపిస్తున్నారో చూపే ఆన్‌లైన్ జాబితా క్లస్టర్‌లో ఎవరో ఎస్ అని పెట్టారు, దాని మీద నొక్కావు, పిలిచావు, జవాబు రాగానే తెర మీద ఉన్నదే లాగ్‌లోకి ఎక్కించావు. ఆయన తన కాల్‌సైన్ మళ్లీ పంపేదాకా పది సెకన్లు ఆగితే సరిపోయేది.

(ఇంతా చెబుతున్నాను గానీ, పోటీలో అందరం అందరికీ సిగ్నల్ ఎలా ఉందో చెప్పే అంకెగా 599 ఇచ్చేస్తాం. సిగ్నల్ గొణుగుడులా ఉన్నా సరే, స్పష్టంగా, బలంగా, శుద్ధంగా వినిపిస్తోందని ధ్రువీకరిస్తాం. అదీ తొమ్మిది పంపే ఓపిక లేక ఎన్ అని కుదించి! ఆ ఒక్క అబద్ధాన్ని మన లోకం ఎప్పుడో క్షమించేసింది.)

ఆంప్లిఫయర్ కావాలంటున్నావు. 100 వాట్లను 400 చేస్తే పెరిగేది 6 డెసిబెల్స్, అంటే అవతలివాళ్ల సిగ్నల్ మీటర్ మీద ఒక్క గీత. నీకు వినిపించేది మాత్రం రవ్వంత కూడా పెరగదు. ముందు యాంటెన్నా ఎత్తు పెంచు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. 2018లో దక్షిణ అట్లాంటిక్‌లో మనుషులుండని బూవే ద్వీపానికి, అక్కడి నుంచి రేడియో నడపాలని వెళ్లిన బృందం ద్వీపం దాకా చేరి కూడా దిగలేక వెనుదిరిగింది. అందుకే 2023 ఫిబ్రవరిలో మరో బృందం దిగినప్పుడు నేను కుర్చీ వదల్లేదు. సముద్రం సహకరించక వాళ్లు అనుకున్న సామగ్రిలో చాలా భాగం దింపలేకపోయారు. అందువల్ల సిగ్నల్ రొదకు కాస్త పైన, వెంట్రుకలా వినిపించేది. అక్కడి ఆపరేటర్ ఒక ఫ్రీక్వెన్సీలో పంపుతూ, దానికి కాస్త పైన వింటున్నాడు. ఆ పైనంతా పిలిచేవాళ్ల సంత. రెండు రాత్రులు ఒకేచోట కూర్చుని నా కాల్‌సైన్ గుద్దుతూనే ఉన్నాను, గోడకు చెప్పినట్టు. మూడో రాత్రి చేతులు కట్టుకుని ఊరికే విన్నాను. ఎవరికి జవాబిస్తున్నాడో, వాళ్లు ఎక్కడ పిలిచారో వెతికాను. ఒక్కొక్కరికి జవాబిచ్చాక కొద్దికొద్దిగా పైకి జరుగుతున్నాడు, అంచు చేరగానే మళ్లీ కిందికి దిగుతున్నాడు. ఆ నడక పట్టుకుని, అతని కంటే ఒక అడుగు ముందు నిలబడి ఒక్కసారి పిలిచాను.

అతని జవాబులో నా కాల్‌సైన్‌లోని మొదటి మూడు అక్షరాలు వినిపించాయి. మిగతావాటి మీద ఎవరో గట్టిగా పిలిచేశారు. అది నేనే అనుకోవాలని ఎంతగా అనిపించిందో! రాసేసుకున్నాను. మీ నాన్నను నిద్ర లేపి మరీ చెప్పాను. తరువాత వాళ్ల ఆన్‌లైన్ లాగ్‌లో వెతికితే నేను లేను, నా మొదటి మూడు అక్షరాలే ఉన్న వేరొకరు ఉన్నారు. నేను అందుకున్న చోట్ల పట్టికలో బూవే గడి నేటికీ ఖాళీయే. మీ నాన్న దాని గురించి ఇంతవరకు అడగలేదు, ఆయన మంచితనం.

నవంబరు చివరి వారాంతం పోటీలో 48 గంటలూ ఇద్దరం ఒకే కాల్‌సైన్‌తో కూర్చుందాం. క్లస్టర్ తెరిచే ఉంచు, నాకేమీ పంతం లేదు. పగలు 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్ నువ్వే చూసుకో. సూర్యోదయానికి అరగంట ముందు మాత్రం నన్ను లేపు, 7 మెగాహెర్ట్జ్‌లో ఆ కాసేపు హెడ్‌ఫోన్లు నావి.

అమ్మ