మీటరుకు తెలిసింది ఇంటికీ తెలియాలి, మంత్రి గారూ

గౌరవనీయులైన విద్యుత్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇళ్లకు స్మార్ట్ మీటర్లు బిగించడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను. మీటరు మార్చినంత మాత్రాన ఒక్క యూనిట్ కూడా ఆదా కాదు. మీటరు నమోదు చేసిన సంగతి ఇంట్లోవాళ్ల కంటపడినప్పుడే ఆదా మొదలవుతుంది.

పాత మీటరుతో నెలకోసారి ఒక అంకె తెలిసేది, అంతే. బిల్లు పెరిగితే టీవీ మీదో, పిల్లల మీదో అనుమానం. కొత్త మీటరు 15 నిమిషాలకో, అరగంటకో వాడకాన్ని విడివిడిగా రాసిపెడుతుంది. ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అర్ధరాత్రి లెక్క. అందరూ పడుకున్నాక కూడా 100 వాట్లు కాలుతూనే ఉన్నాయనుకోండి, అదే రోజంతా సాగితే 30 రోజులకు 72 యూనిట్లు. తలుపు రబ్బరు వదులైన పాత ఫ్రిజ్, ఎప్పుడూ ఆన్‌లో ఉండే సెట్‌టాప్ బాక్స్, ఆపడం మరిచిన హీటర్ లాంటివి నెలవారీ బిల్లులో ఎప్పటికీ దొరకవు. గంటల వారీ వాడకం గ్రాఫ్‌లో మాత్రం దాక్కోలేవు. 2000 వాట్ల గీజర్ అరగంటకే ఒక యూనిట్ తాగేస్తుందని చూసినవాళ్లకు స్విచ్ గుర్తుంటుంది.

ఇది నా ఊహ కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సారా డార్బీ ఇలాంటి అధ్యయనాలను 2006లో సమీక్షించారు. వాడుతుండగానే వివరాలు కనిపించిన ఇళ్లలో ఆదా సాధారణంగా 5 నుంచి 15 శాతం వరకు ఉందని, తర్వాత ఎప్పుడో బిల్లు ద్వారా తెలిస్తే సున్నా నుంచి 10 శాతం దాకా ఉందని ఆమె తేల్చారు. అన్ని ఇళ్లకూ అంత ఆదా వస్తుందని నేననను. కానీ సమాచారం ఎంత త్వరగా చేరితే అంత మేలన్నది స్పష్టం. బ్రిటన్‌లో మీటరుతోపాటు ఇంట్లో పెట్టుకునే చిన్న డిస్‌ప్లేను కూడా ఇవ్వజూపాలని సరఫరా కంపెనీలకు నిబంధన పెట్టింది ఇందుకే.

వేళను బట్టి రేటు పెడితే వాషింగ్ మెషీన్‌ను రద్దీ లేని సమయానికి జరుపుకుంటాం. దానివల్ల బిల్లు తగ్గవచ్చు, గ్రిడ్ మీద భారమూ తగ్గుతుంది. అయితే వేళ మార్చడం వేరు, వాడకం తగ్గించడం వేరు. ప్రకటనల్లో ఈ రెండింటినీ కలిపేయకండి.

ఇక జనంలో ఉన్న భయం. ఇంట్లో ఎప్పుడు ఎవరూ లేరో ఆ లెక్కలు చూస్తే తెలిసిపోతుంది. ఈ గోప్యత కారణంగానే నెదర్లాండ్స్ ఎగువ సభ 2009లో మీటర్లను తప్పనిసరి చేసే బిల్లును అడ్డుకుంది. ఆ భయాన్ని అపోహ అని కొట్టిపారేయకండి. వివరాలు ఎవరు చూడవచ్చో, ఎంతకాలం దాచవచ్చో చట్టంలో రాయండి.

మీరు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. మీటరు బిగించిన రోజే ఆ ఇంటివాళ్లకు గంటల వారీ లెక్క సొంత భాషలో చూపించి, చదవడం నేర్పి వెళ్లాలని సిబ్బందికి ఆదేశాలివ్వండి. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి డిస్‌ప్లే ఇవ్వండి. అద్దెకున్నవాళ్లకు యజమాని దయతో పని లేకుండా ఆ లెక్క నేరుగా అందేలా చూడండి.

ఇట్లు,
ఒక గృహ విద్యుత్ వినియోగదారు