మూడో నంబరు ఈనిందిరా!

ఊతుకోట, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

దసరాకి వచ్చిన నీ ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. తిట్టుకో, కానీ మొత్తం చదివాక తిట్టు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పాపకి పరీక్షలు దగ్గరపడ్డాయి, సుమతి కులాసా. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది. మన మందలో మూడో నంబరు గొర్రె ఈనింది. కవలలు!

మూడో నంబరంటే నీ చొక్కా గుండీ నమిలిందే, నువ్వు "వార్డెన్" అని పేరు పెట్టావే, అదే. జూన్‌లో నువ్వొచ్చిన రోజే కదా పొట్టేలు రొమ్ముకి నీలం రంగు పూసి మందలోకి వదిలాం. ఏ గొర్రె వీపున రంగు అంటితే అది పొట్టేలుతో కలిసినట్టే, ఆ తేదీ రాసుకుంటాం. నీ తెల్ల ప్యాంటుకి కూడా అంటింది, ఆ తేదీ కూడా నా పుస్తకంలో ఉంది! అక్కణ్ణించి 147 రోజులు, అటూ ఇటూగా ఈత.

ఉన్ని కత్తిరించక్కర్లేదా అని అప్పుడు అడిగావు, సరిగ్గా చెప్పలేకపోయాను. మన మందలోని మద్రాస్ రెడ్ జాతి గొర్రెకి మేకకున్నట్టు పొట్టి వెంట్రుకలే ఉంటాయిరా. కత్తెరతో పని లేదు. వానలో తడిసినా దులుపుకుంటే కాసేపట్లో ఆరిపోతుంది. ఒత్తుగా ఉన్ని ఉంటే తడికీ పేడకీ ఈగలు వాలి పురుగు పడుతుంది, ఆ బెడద వీటికి తక్కువ. ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ హార్న్ అనే జాతి ఉంది, దాని ఉన్ని ఏటా దానంతటదే రాలిపోతుంది. మనకి చెంగల్పట్టు, తిరువళ్లూరు పల్లెల్లో తాతల నాటి నుంచీ ఈ ఎర్ర గొర్రెలున్నాయి. వీటిని వదిలేసి ఎక్కడి జాతుల కోసమో వెతికేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సరే, ఆ సంగతి ఇంకోసారి.

గురువారం రాత్రి. వాన, కరెంటు లేదు. పదకొండింటికి వార్డెన్ మంద విడిచి మూలకి పోయి ముంగాళ్లతో నేల గీరుతోంది. పడుకుంటుంది, లేస్తుంది, తన పొట్ట వైపే తిరిగి చూసుకుంటుంది. ఉమ్మనీరు పోయింది. గంట గడిచినా పిల్ల రాలేదు. టార్చి వేసి చూస్తే మూతి, ఒక్క గిట్ట. రెండో గిట్ట లేదు!

డాక్టరు రావడానికి దారి మునిగిపోయింది. మన పెద్దాయనకి ఫోన్ చేశాను. "లాగబాక నాయనా, ముందు వెనక్కి తొయ్యి" అన్నాడు. గోళ్లు తీసుకుని, మోచేతి దాకా సబ్బు పెట్టి కడుక్కుని, కొబ్బరి నూనె రాసుకున్నాను. నొప్పి ఆగినప్పుడు పిల్లని మెల్లగా లోపలికి తోసి, మడతపడ్డ కాలి కోసం వెతికాను. లోపల ఎంత వేడిగా ఉంటుందో చెప్పలేనురా. గిట్ట తల్లి కడుపుని చీల్చకుండా అరచేతిలో మూసిపట్టి ముందుకి తెచ్చాను. తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా కిందివైపుకి కొంచెం కొంచెంగా లాగాను. జర్రున జారి నా ఒళ్లో పడింది. ఊపిరి లేదు. ముక్కు తుడిచి గడ్డిపరకతో కెలికాను. తుమ్మింది శీనూ! ఆ తుమ్ము ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మగపిల్ల. ఇరవై నిమిషాలకి ఇంకోటి తనంతట తానే వచ్చింది. ఆడది, ఒకటిన్నర కిలో. ఈ జాతిలో కవలలు అరుదు. కానీ వార్డెన్ మొదటిదాన్ని నాకింది, దీన్ని తలతో కుమ్మింది. మగపిల్ల ఒంటి జిగురు తెచ్చి దీనికి పూశాను, అయినా కుమ్మింది. ముర్రుపాలు గ్లాసులోకి పిండి సీసాతో పట్టాను. అంత పిల్లకి మొదటి రోజులో కనీసం 300 మి.లీ. పడాలి. అప్పటి నుంచీ రెండు గంటలకోసారి వార్డెన్ తల గుంజకి కట్టి దీన్ని పొదుగుకి అందిస్తున్నాను. ఈ ఉదయం కట్టకుండానే ఒకసారి తాగనిచ్చింది. ఒక్కసారే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

జూన్‌లో పొట్టేలును వదలడం నా తప్పురా. ఈతలు సరిగ్గా వానల్లో పడ్డాయి. వచ్చే ఏడు సెప్టెంబరులో వదులుతాను. ఫిబ్రవరికి నేల ఆరుతుంది, పచ్చిక ఇంకా ఉంటుంది.

ఇప్పుడు నీతో అసలు మాట. "చెయ్యి పెట్టి తీసిన ఈతలో పిల్లని మందకి ఉంచుకోబాక" అన్నాడు పెద్దాయన. ఆయన మాట నిజమే. తానే ఈని తానే పెంచుకున్న తల్లికి పుట్టిన ఆడపిల్లల్నే ఉంచుకుంటూ పోతేనే మంద మన చేతి సాయం లేకుండా బతుకుతుంది. మగపిల్ల ఎలాగూ బక్రీదు సంతకి పోతుంది. ఆడపిల్ల సంగతే తేలడం లేదు. కాలు మడతపడటం తల్లి తప్పు కాదు, కానీ పిల్లని కుమ్మడం తల్లి గుణమే. మరి కవలలు పుట్టడమూ తల్లి నుంచి వచ్చేదే కదా? ఉంచుకుంటే అది ఎదకొచ్చేలోగా పొట్టేలును మార్చాలి, తండ్రితో కలపకూడదు. అందరికీ నంబరున్న చెవి పోగులు వేశాను, దీనికింకా వెయ్యలేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాను, మళ్లీ డబ్బాలో పెట్టేశాను. నువ్వైతే ఏం చేస్తావు? మొహమాటం లేకుండా రాయి.

ఇంకా నీ ఇంటి లోన్ సంగతి, మన రెండో అంతస్తు సాంబారు సంగతి... అయ్యో, చెన్నై బస్సు నాలుగున్నరకి. వెళ్లేలోగా దీనికి ఇంకోసారి పాలు పట్టాలి, అరుస్తోంది

నీ సూరి