ప్రమాదం హ్యాంగర్‌లో జరిగింది, రికార్డులో మాత్రం ఇంట్లో: ఈఎస్ఐ బ్రాంచి మేనేజర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను విమానాల మరమ్మతు హ్యాంగర్‌లో కాంట్రాక్టు హెల్పర్‌ని. మీకు మూడు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నాను.

ఆ రోజు నైట్ షిఫ్ట్. రెక్క కింద నిచ్చెన మెట్టు మీద ఊదారంగు హైడ్రాలిక్ ఆయిల్ కారి ఉంది. కాలు జారి కాంక్రీటు మీద పడ్డాను. కుడి భుజం విరిగింది. ఆపరేషన్ అయినా చెయ్యి పైకి లేవడం లేదు. చొక్కా గుండీలు నా భార్యే పెడుతోంది.

కాంట్రాక్టరు ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాశాడు. మా దగ్గర ఒక్క స్పానర్ లెక్క తేలకపోయినా విమానాన్ని కదలనివ్వరు. మనిషి పడిపోతే మాత్రం ఎక్కడ పడ్డాడో కాంట్రాక్టరు నోటిమాటే సాక్ష్యమా?

పని గాయమైతే తాత్కాలిక వైకల్య భృతిగా జీతంలో 90 శాతం రావాలి. నాకు ఒక్క రూపాయి రాలేదు. అద్దె బాకీ, పిల్ల ఫీజు టెన్షన్ మీకు విడిగా చెప్పక్కర్లేదు.

దయచేసి మీ అధికారిని హ్యాంగర్‌కు పంపండి. ఆ రాత్రి హాజరు పట్టీ, టూల్ రిజిస్టర్ చూసి, తోటివాళ్లను కాంట్రాక్టరు లేనప్పుడు విచారించండి. దీన్ని పని గాయంగా నమోదు చేసి, బకాయి భృతి ఇప్పించండి. కుదరదంటే కారణం 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక హ్యాంగర్ కార్మికుడు