కంకషన్ తర్వాతి ఆందోళన: ఆ సప్లిమెంట్ల జాబితాలో రాయనివి

సంపాదకుల వారికి నమస్కారం.

తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే దాన్ని కంకషన్ అంటారు. ఆ తర్వాత వచ్చే ఆందోళనకు సహజమైన సప్లిమెంట్లు వాడుకోవచ్చంటూ మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య ఒక వ్యాసం వేశారు. అశ్వగంధ, మెగ్నీషియం, ఒమేగా-3, వలేరియన్, సెయింట్ జాన్స్ వోర్ట్, కావా అని వరసగా పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన ‘నరాలకు ప్రశాంతత’, ‘మంచి నిద్ర’ అని రెండేసి ముక్కలతో సరిపెట్టారు. వాటిలో ఏది ఏ మందుతో కలవకూడదో మాత్రం ఎక్కడా లేదు. నాలాంటివాళ్ళకు ముందు కావలసింది అదే.

నాది అకౌంట్స్ పని. కింది అరలో ఫైలు తీసుకుని లేవబోతే, తెరిచి ఉన్న ఇనుప బీరువా తలుపు అంచు నడినెత్తిన కొట్టుకుంది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. ఆ సాయంత్రం వాంతులయ్యాయని సీటీ స్కాన్ తీశారు. నార్మల్ అని వచ్చింది. ఇంట్లోవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆ స్కాన్‌లో ముఖ్యంగా చూసేది లోపల రక్తం కారిందా, ఎముక విరిగిందా అని. కంకషన్‌లో మెదడు కణాలు పనిచేసే తీరు దెబ్బతింటుంది, అది ఫిల్ములో కనపడదు. అందుకే “అన్నీ బాగానే ఉన్నాయిగా, ఇంకా ఏమిటి నీకు?” అని ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఏ రిపోర్టూ ఉండేది కాదు. ఫోన్ మోగితే గుండె దడ. జీతాల షీటు తెరిస్తే అంకెలు ఒక గడిలోంచి పక్క గడిలోకి జారిపోతున్నట్టుండేవి. లిఫ్ట్ దగ్గర నలుగురు మాట్లాడుకుంటూ నిలబడితే, ఆ గోల భరించలేక మెట్లెక్కి వెళ్ళిపోయేదాన్ని. అర్ధరాత్రి మెలకువ వస్తే, ఇక ఈ ఉద్యోగం చెయ్యగలనా అని ఒకటే టెన్షన్.

డాక్టరు ఆందోళన తగ్గడానికి సెర్ట్రలిన్ అనే మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. అది తెలిసి మా అక్క ఒక సీసా తెచ్చిచ్చింది. “ఇంగ్లీషు మందులు మొదలుపెడితే మానలేవే. ఇది ఆకుల మందు, ఒంటికి ఏమీ చెయ్యదు” అంది. ఒంటికి ఏమీ చెయ్యనిది ఆందోళనకు మాత్రం ఏం చేస్తుంది? పనిచేసే గుణం ఉన్నదేదైనా పక్కవాటి పనిలోనూ వేలు పెడుతుంది. అక్కతో వాదించలేదు గానీ, మూత తియ్యకుండా సీసాను మందుల షాపులో ఫార్మసిస్టుకు చూపించాను.

ఆ సీసా ముందువైపు పెద్ద ఆకు బొమ్మ. వెనక్కి తిప్పితే, కళ్ళద్దాలు సర్దుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని రాసి, మొత్తం ఇన్ని మిల్లీగ్రాములని ఒకే అంకె ఇచ్చారు. అందులో ఏ మూలిక ఎంతుందో చెప్పలేదు. లెక్కలు రాసేదాన్ని కాబట్టి నాకది అసలు మింగుడుపడలేదు. పద్దులు చూపకుండా మొత్తం ఒక్కటే రాసిచ్చిన బిల్లు మీద మా ఆఫీసులో ఎవరూ సంతకం పెట్టరు. ఆ పేర్ల మధ్యలో సెయింట్ జాన్స్ వోర్ట్ కనపడగానే ఫార్మసిస్టు వేలు అక్కడే ఆగిపోయింది. “సెర్ట్రలిన్ వేసుకుంటున్నారుగా, ఇది ముట్టుకోకండి” అన్నారు.

ఈ రెండూ మెదడులో నరాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే రకాలు. కలిపి వేసుకుంటే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. అంటే ఒళ్ళంతా చెమటలు, వణుకు, గుండె దడ, కుదురు లేకపోవడం, ముదిరితే జ్వరం, ఫిట్స్. వీటిలో మొదటివన్నీ ఆందోళన లక్షణాల్లాగే ఉంటాయి. దడ ఎక్కువైందని ఇంకో మాత్ర వేసుకునే మనిషిని ఊహించుకోండి. అదే మూలిక కాలేయంలోని ఎంజైముల్ని రెచ్చగొట్టి, గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఇంకా ఎన్నో మందుల బలం తగ్గించేస్తుంది. మీ వ్యాసం దాని పక్కన రాసింది ‘మనసుకు ఉల్లాసం’ అని మాత్రమే.

సప్లిమెంట్లన్నీ మోసం అని నేననను. అశ్వగంధతో ఒత్తిడి, ఆందోళన కొంత తగ్గినట్టు చిన్నచిన్న పరీక్షల్లో తేలింది. అయితే అవి ప్రధానంగా మామూలు ఒత్తిడితో బాధపడేవాళ్ళ మీద చేసినవి. తలకు దెబ్బ తగిలినవాళ్ళకూ అంతే మేలు చేస్తుందని గట్టిగా తేల్చిన పరీక్ష లేదు. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు కాబట్టి థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు సొంతంగా మొదలుపెట్టకూడదు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది కూడా. కావా విషయంలో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే కాలేయం గురించి హెచ్చరించింది. మెగ్నీషియంతో చాలామందికి విరేచనాలకు మించి ఇబ్బంది ఉండదు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలి.

దెబ్బ తగిలిన కొత్తలో ఇంకో చిక్కుంది. వలేరియన్, కావా లాంటివి మత్తు తెస్తాయి. లోపల రక్తం కారుతోందనడానికి గుర్తుల్లో ఒకటి అతిగా మగతగా ఉండటం. మనిషి నిద్రపోతుంటే అది మాత్ర వల్లనా, మెదడులో రక్తం వల్లనా అన్నది ఇంట్లోవాళ్ళకెలా తెలుస్తుంది? జింకో బైలోబా అనే మూలిక, ఎక్కువ మోతాదులో చేపనూనె సంగతికొస్తే, రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళు డాక్టరును అడక్కుండా వాటి జోలికి పోకూడదు. వాళ్ళలో దెబ్బ తగిలిన కొన్ని వారాలకు కూడా మెదడు చుట్టూ రక్తం చేరిన సంగతి బయటపడుతూంటుంది.

అసలు నా దడంతా ఆందోళన వల్ల వచ్చింది కాదని తర్వాత తెలిసింది. ఫిజియోథెరపిస్టు నా బొటనవేలును కళ్ళెదురుగా చేయి చాపినంత దూరంలో పట్టుకోమన్నారు. చూపు గోరు మీదే ఉంచి తల కుడికీ ఎడమకూ తిప్పమన్నారు. నాలుగైదు సార్లు తిప్పేసరికి గోరు మసకబారింది, కడుపులో తిప్పింది, గుండె దడదడలాడింది. జనం మధ్యలోకి వెళ్తే నాకయ్యేది సరిగ్గా ఇదే. దెబ్బకు లోపలి చెవికీ కంటికీ మధ్య పొందిక చెదిరితే ఇలా అవుతుందట. దీనికి వెస్టిబ్యులర్ వ్యాయామాలున్నాయి. రోజూ కాసేపు అదే బొటనవేలి కసరత్తు, గోడ పక్కన ఒకదాని వెనక ఒక అడుగు వేస్తూ నడక. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది గానీ, లిఫ్ట్‌లో నలుగురితో నిలబడగలిగానంటే వాటి పుణ్యమే. ఏ మూలికా ఆ పొందికను సరిచెయ్యదు.

మామూలు కదలికకు కూడా మీ వ్యాసంలో చోటు దొరకలేదు. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోమనడం పాతమాట. మొదటి 24 నుంచి 48 గంటలు తేలిగ్గా గడిపి, ఆ తర్వాత లక్షణాలు బాగా పెరగనంత మేరకు నడక మొదలుపెట్టమని ఇప్పుడు చెబుతున్నారు. ఆటల్లో కంకషన్ అయిన టీనేజీ పిల్లల మీద చేసిన ఒక పరీక్ష 2019లో అచ్చయింది. డాక్టర్లు చెప్పిన హద్దులో తేలికపాటి ఏరోబిక్ వ్యాయామం చేసినవాళ్ళలో కోలుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 13 రోజులు, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళలో 17 రోజులు. ఆందోళన విడిగా పట్టి పీడిస్తుంటే ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. ఇవేవీ సీసాలో పెట్టి అమ్మేవి కావు. ప్రకటనలు కనపడకపోవడానికి కారణం అదేనేమో!

కంకషన్‌ను నయం చేస్తాయంటూ అమ్మే సప్లిమెంట్లను నమ్మవద్దని ఎఫ్‌డీఏ 2013లోనే ప్రజలకు చెప్పింది. వాళ్ళ భయం మాత్రలోని సరుకు గురించి ఒక్కటే కాదు. తగ్గిపోయిందనుకుని ఆటగాడు తొందరపడి మైదానంలోకి దిగితే, మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగులుతుంది. అది ప్రాణం మీదికి తేవచ్చు.

కాబట్టి నా విన్నపం ఇది. ఇకమీదట ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఒక్కో పేరు పక్కన ఏ మందులతో కలవకూడదో, ఎవరు వాడకూడదో కూడా అచ్చు వెయ్యండి. తలనొప్పి అంతకంతకూ పెరగడం, ఆగని వాంతులు, ఒక కంటి పాప రెండోదానికంటే పెద్దదిగా ఉండటం, మాట తడబడటం, కాలూ చేయీ పట్టు తప్పడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలని విడిగా పెట్టె కట్టి వెయ్యండి. ఆ వ్యాసం చదివి సెయింట్ జాన్స్ వోర్ట్ తెచ్చుకున్న పాఠకులు ఈపాటికే ఉండి ఉంటారు. సెర్ట్రలిన్ లాంటి మందులు వాడేవాళ్ళు దాన్ని వేసుకోవద్దని, ఇప్పటికే వేసుకుంటున్నవాళ్ళు వెంటనే డాక్టరుకు చెప్పాలని, డాక్టరిచ్చిన మందును మాత్రం ఉన్నట్టుండి మానెయ్యవద్దని వచ్చే వారం అదే పేజీలో సవరణ వెయ్యగలరు.

ఇట్లు
మీ పత్రిక పాత చందాదారు, ఒక అకౌంటెంట్