పన్నెండు ఫోన్లు చేశాను, నా కాగితం ఒక్కరూ చూడలేదు

విజయనగరం,
20 సెప్టెంబర్ 2025.

కస్టమర్ కేర్ వారికి, వాళ్ళు చదవకపోతే వాళ్ళ పై అధికారికి, ఆయనా చదవకపోతే కంపెనీ యజమాని గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరం. ముందు రాసిన నాలుగూ చాలా మర్యాదగా రాశాను, ఎక్కడా గొంతు పెంచలేదు. ఇందులో కోపం ఉంటుంది. పొడుగ్గా కూడా ఉంటుంది, ఎందుకంటే ఈ రెండు నెలల్లో మీ దగ్గర ఎవరు ఫోనెత్తినా మొదట్నుంచి చెప్పమనడం, నేను సగం చెప్పేసరికి లైను వేరే వాళ్ళకి కలపడం, వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి చెప్పమనడం. అందుకే మొత్తం ఒకేసారి కాగితం మీద పెడుతున్నాను.

విషయం చిన్నదే. జులైలో మీ సైటులో నాలుగు నోటుబుక్కులు, రెండు నల్లనీలం ఇంకు సీసాలు కలిపి ఉన్న సెట్టు కొన్నాను. ఇంకు పెన్నుల కోసమే తయారుచేసిన కాగితం అని అట్ట మీద మీరే వేశారు. ఆ కాగితం ఇంకును నిలబెట్టడం లేదు. రాసిన ప్రతి గీత అంచులు పాకిపోయి, వెనక పేజీకి దిగిపోతోంది. ఇంకు మీదే, కాగితమూ మీదే, రెండూ ఒకే పెట్టెలో పెట్టి పంపింది కూడా మీరే.

సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మిల్లు మారి ఉండొచ్చు, ఆ లాటు చెడిపోయి ఉండొచ్చు. దాని గురించి నాకు ఇంత బాధ లేదు. తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడు గురించే ఈ ఉత్తరం.

జులై 21, సోమవారం సాయంత్రం మొదటిసారి ఫోన్ చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కండి అన్నారు. నొక్కాను. 26 నిమిషాలు పాట వినిపించాక ఒకాయన హిందీలో మాట్లాడారు. నాకొచ్చిన హిందీలో చెప్పుకున్నాను. పెన్ను కడిగి చూడండి అన్నారు. కడిగాను సార్, మూడు రకాల పెన్నులతో చూశాను సార్ అన్నాను. అయితే ఇంకోసారి కడగండి అని పెట్టేశారు.

జులై 24న ఒకమ్మాయి ఎత్తింది. మంచి తెలుగు, మంచి మాట. అంతా విని, 'నోట్ చేసుకున్నాను మేడమ్, 48 గంటల్లో మా వాళ్ళే ఫోన్ చేస్తారు' అంది. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట అనను, మొత్తం కథలో నా మాట పూర్తిగా విన్నది ఆమె ఒక్కతే. కానీ ఆ ఫోన్ రాలేదు. రెండు రోజులు స్కూల్లో ఫోను సైలెంట్‌లో పెట్టకుండా బల్ల మీదే పెట్టుకుని పాఠం చెప్పాను. పిల్లలకి ఫోన్లు తేవద్దని చెప్పే టీచర్ని, నేనే అలా చేశాను.

జులై 29న మరొకాయన. ఇంకు పాకుతోంది అని నేను చెప్పగానే 'మీ ప్రింటర్ మోడల్ నంబర్ చెప్పండి' అన్నారు. ప్రింటర్ కాదండీ, ఇంకు పెన్ను, చేత్తో రాసేది అన్నాను. కొంచెంసేపు ఆగి, 'మా సిస్టమ్‌లో ఇంకు అంటే ప్రింటర్ కిందే వస్తుంది, మోడల్ నంబర్ లేకపోతే ఫిర్యాదు ముందుకు వెళ్ళదు' అన్నారు. అయ్యా, ఇంకు సీసాలు అమ్మే కంపెనీ మీది. మీ లెక్కల్లో చేత్తో రాసేవాళ్ళకి ఒక గడి కూడా లేదా?

ఆగస్టు 5 రాత్రి 11:40కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? కింద ఐదు చుక్కలు ఇచ్చి మా సేవ ఎలా ఉంది అని అడిగారు. ఒక్క చుక్క ఇచ్చాను. 'మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గట్టిగా అడిగితే సరుకు వెనక్కి తీసుకుంటాం, మా మనిషి వస్తాడు అన్నారు. ఆగస్టు 12న సీఎల్ పెట్టి ఇంట్లో కూర్చున్నాను. సాయంత్రం ఆరింటికి 'కస్టమర్ అందుబాటులో లేరు' అని మెసేజ్. నేను వీధి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉన్నాను. 14న మళ్ళీ అదే మెసేజ్. 18న నిజంగానే ఒక కుర్రాడు వచ్చాడు, పాపం ఎండలో. సీసా చూసి, 'మూత తీసింది తీసుకోకూడదమ్మా, లోపల నీళ్ళలాంటిది ఉంటే మాకు పర్మిషన్ లేదు' అన్నాడు. నోటుబుక్కులైనా తీసుకెళ్ళు బాబూ అంటే, సెట్టు మొత్తం అయితేనే తీసుకోమన్నారమ్మా అన్నాడు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. అతని తప్పేముంది, మీరు చెప్పిందే అతను చెప్పాడు.

అన్నట్టు, ఫోటో పంపండి అని ఆరుగురు అడిగారు, ఆరుసార్లూ పంపాను. ఫోటోలో ఏం కనబడుతుందండీ? కాగితం చేత్తో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూస్తేగానీ ఇంకు వెనక్కి ఎంత దిగిందో తెలియదు. అందుకే మీ నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, దాని మీద మీ ఇంకుతోనే నా ఫిర్యాదు రాసి, 2021లో కొన్న మీ పాత నోటుబుక్కు కాగితం మీద అదే పెన్నుతో అదే విషయం మళ్ళీ రాసి, రెండూ కలిపి ఆగస్టు 21న స్పీడ్ పోస్టులో పంపాను. 25న మీకు అందినట్టు పోస్టాఫీసు వాళ్ళు చూపిస్తున్నారు. ఆ కవరు గురించి అడిగితే మీ ఆఫీసులో ఒకరు నాతో అన్న మాట ఇది: 'మేము పోస్టు చూడం మేడమ్.'

కాగితమూ ఇంకూ అమ్ముకుని బతికే కంపెనీ, కాగితం మీద ఇంకుతో రాసిన ఉత్తరం విప్పి చూడనంటే నేనేమనుకోవాలి? నాలాంటి వాళ్ళం మీ దగ్గర కొనేది ఉత్తరాలు రాయడానికే కదా.

ఇక ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన 1863లో పుట్టింది పక్కనే శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో, మా అమ్మగారి ఊరికి ఎంతో దూరం కాదు. ఆ రోజు మా బడిలో సభ పెట్టాం, పిల్లలు బాగా మాట్లాడారు. ఇంటికొచ్చి మెయిల్ తెరిస్తే నా మూడో మెయిల్‌కి మీ జవాబు ఉంది. దయచేసి మీ సమస్యను ఇంగ్లీషులో రాయండి, లేకపోతే పరిశీలించలేము అని. సరుకు అమ్మేటప్పుడు సైటులో తెలుగు రాసుకున్నారు కదా! 'మీ మాతృభాషలో మీ మనసులోని మాట' అని పెద్దక్షరాలతో ఉంది, ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూసుకోండి.

సెప్టెంబర్ 6న సీనియర్ అని చెప్పిన ఒకాయనకి కలిపారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, పెన్ను ఏ కంపెనీది అని. మా నాన్నగారి రాజమండ్రి రత్నం పెన్ను అని చెప్పాను. 'ఆ పెన్నుకి మాది గ్యారంటీ లేదు, మా పెన్నే వాడాలి' అన్నారు. ఆ పెన్నుల గురించి మీకు తెలియకపోతే చెబుతాను. 1932లో మొదలైన పని అది. 1935లో గాంధీగారు తనకి పంపిన పెన్ను బాగుందని రత్నం గారికి ఉత్తరం రాశారు. మా నాన్నగారిది నల్ల ఎబొనైట్ పెన్ను, 1978లో కొన్నారు, ఫిల్లరుతో ఇంకు పోసుకునేది, ఇన్నేళ్ళలో ఒక్కసారి కక్కింది లేదు. అయినా మీ పెన్నుతోనూ రాశాను. అదీ అలాగే పాకింది. బడిలో పరీక్షలకిచ్చే అడిషనల్ షీటు మీద రాశాను, జెరాక్స్ కాగితం మీద రాశాను, శుభలేఖ వెనక రాశాను. అన్నిటికంటే ఘోరంగా పాకింది మీ నోటుబుక్కు మీదే.

100 జీఎస్ఎం మేడమ్, పాకే ప్రసక్తే లేదు అని చదివి వినిపించారు ఆయన. జీఎస్ఎం అంటే బరువండీ. జపాన్ వాళ్ళ తోమోయె రివర్ కాగితం 52 జీఎస్ఎం, ఉల్లిపొరలా ఉంటుంది, ఇంకు దాని మీద పూసల్లా నిలబడుతుంది. పనిచేసేది కాగితానికి పట్టించే గంజి, జిగురు. పొందూరు ఖద్దరు గంజి పెట్టకముందు నీళ్ళు ఎలా పీల్చుకుంటుందో, గంజి పెట్టి ఇస్త్రీ చేశాక అంత తొందరగా ఎలా పీల్చుకోదో మా ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. మీ పాత కాగితానికి ఆ పూత ఉంది, కొత్తదానికి లేదు. అట్ట అదే, పేరు అదే, ధర మాత్రం పెరిగింది. మార్చారు, మార్చామని చెప్పలేదు. ఇదంతా విని ఆయన చివరికి ఏమన్నారంటే, 'మీకు 10 శాతం కూపన్ ఇస్తాం, మళ్ళీ అదే నోటుబుక్కు కొనుక్కోండి.'

ఇంత గొడవ ఎందుకు, ఇంకో నోటుబుక్కు కొనుక్కోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. మా అమ్మకి 78 ఏళ్ళు. పెళ్ళి పాటలు, దంపుళ్ళ పాటలు, ఊడ్పుల పాటలు ఆమె నోట్లోనే ఉన్నాయి, ఎక్కడా అచ్చులో లేవు. వచ్చే వేసవిలో మా అమ్మాయి పెళ్ళి, అప్పటికి అన్నీ రాసి దాని చేతిలో పెట్టాలని నా కోరిక. జులై 20, ఆదివారం అమ్మ ఒక అప్పగింతల పాట మొదలుపెట్టింది, నేనెప్పుడూ వినని పాట. మొదటి చరణంలోనే తెలుస్తోంది ఇంకు పాకుతోందని. కానీ ఆపితే పాట తెగిపోతుంది, ఆమెకి మళ్ళీ అందదు. ఫోనులో రికార్డు చేద్దామంటే అది లోపల గదిలో చార్జింగులో ఉంది. అలాగే రాసుకుంటూ పోయాను, కాగితానికి రెండు వైపులా. పాటయ్యాక అమ్మ తొంగి చూసి, 'అదేటే, అచ్చరాలకి వాపొచ్చీసింది?' అంది.

మన అక్షరాలు గుండ్రటివి. థ అక్షరం చూడండి, ఆ పొట్టలో చిన్న చుక్క ఉంటుంది. ఆ చుక్క పాకి పొట్టంతా పూడిపోతే అది ఏ అక్షరమో ఎవరు చెప్పగలరు? భకి కిందున్న గీత పాకి, కింది లైనులో గుడికి అంటుకుపోయింది. ఒత్తులన్నీ మరకలయ్యాయి. వెనక వైపు రాసింది ముందు వైపుకి దిగి, రెండు చరణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందులో మా ఊరి మాటలు కొన్ని ఉన్నాయి, ఏ నిఘంటువులోనూ దొరకవు. వారం తర్వాత అడిగితే అమ్మ, 'ఏ పాటే? నానలాటిది పాడినానా?' అంది.

ఇది కూడా మీ ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఒక్కరు కూడా అయ్యో అనలేదు. డబ్బులు ఇవ్వకపోయినా అయ్యో అనొచ్చు కదండీ.

2014 నుంచి నేను మీ కస్టమర్ని. గంటస్తంభం దగ్గర షాపులో మీ ఇంకు పెట్టడం మానేశాక కూడా పక్క కంపెనీది కొనలేదు, ఆన్‌లైన్‌లో వెతుక్కుని మీ దగ్గరే తెప్పించుకున్నాను. మా స్టాఫ్ రూములో ఐదుగురు నా మాట విని మీవే వాడుతున్నారు. చేతిరాత పోటీల్లో గెలిచిన పిల్లలకి ఏటా మీ నోటుబుక్కులే బహుమతిగా ఇచ్చాను, నా సొంత డబ్బుతో. ఈ ఏడు ఆ పిల్లల చేతుల్లో ఏం పెట్టను?

2021 నాటి ఆ పాత కాగితంతో చేసిన నోటుబుక్కులు మీ గోడౌన్‌లో ఎక్కడైనా ఉంటే నాలుగు పంపండి. లేకపోతే డబ్బు వెనక్కి ఇచ్చి, కాగితం మార్చామని అట్ట మీద వేయండి. ఏది చేసినా చేయకపోయినా, నేను పంపిన కవరు విప్పి, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, చూసిన మనిషి తన పేరుతో నాకు తెలుగులో నాలుగు ముక్కలు రాయాలి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. మీకు రెండు నెలలు ఇచ్చాను, ఇంకో 15 రోజులు ఇస్తున్నాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడ తేలకపోతే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనున్న ఊళ్ళోనే వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. తారీఖులన్నీ డైరీలో ఉన్నాయి, మీ మెసేజీలు ప్రింటు తీసి పెట్టాను, ఆ పాట రాసిన కాగితం కూడా అక్కడ పెడతాను. డబ్బు కోసం కాదు, ఒక జడ్జిగారైనా ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూస్తారు.

ఈ ఉత్తరం మెయిల్‌లో పంపుతున్నాను. ఇదే మీ నోటుబుక్కు కాగితం మీద, రెండు వైపులా, మీ ఇంకుతో రాసి స్పీడ్ పోస్టులో కూడా వేస్తున్నాను. మూడో కాగితం దాటాక చదవడం కష్టమైతే ఫోన్ చేయండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇంట్లోనే ఉంటాను, పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను.

ఇట్లు,
పదకొండేళ్ళుగా మీ కస్టమర్,
ఒక తెలుగు టీచరు