మంచు ఆటలతో తెలుగు పాఠం

సంపాదకులకు నమస్కారం.

2026 ఫిబ్రవరిలో ఇటలీలోని మిలానో, కోర్టినాల్లో శీతాకాల ఒలింపిక్స్ జరిగినన్నాళ్లూ మన పత్రికల్లో వాటికి క్రీడాపుటలో ఓ మూలే దక్కింది. మంచు పడని ఊళ్లకు ఆ ఆటలతో పనేముందని అనుకోవడం సహజమే. హైస్కూల్లో తెలుగు చెప్పేవాడిగా నా అనుభవం మాత్రం వేరు. పిల్లల చేత సొంత మాట పలికించడానికి నాకు క్రికెట్ కన్నా, కబడ్డీ కన్నా ఈ ఆటలే ఎక్కువ అక్కరకొచ్చాయి.

క్రికెట్ గురించి మాట్లాడమంటే రోజూ ఆడే నలుగురు అబ్బాయిలే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. పైగా అందరికీ తెలిసిన ఆటను ఎవరు ఎవరికి వివరించాలి? కర్లింగ్ అనే ఆట మా క్లాసులో ఎవరికీ తెలియదు. ఎనిమిదో తరగతిలో శబ్దం తీసేసి ఒక వీడియో పెట్టాను. ఒకరు గ్రానైట్ రాయిని మంచు మీద జార్చి వదిలారు, ఇద్దరు దాని ముందు బ్రష్‌లతో గబగబా రుద్దుతూ పోతున్నారు. ఎన్నడూ నోరు విప్పని అమ్మాయి వెనక బెంచీలోంచి లేచి, "సార్, రాయి పోయే తొవ్వ ఎందుకు ఊడుస్తున్నరు?" అంది. జవాబు నేను చెప్పలేదు. ఊహలు మొదలయ్యాయి, వాదులాట అయింది. రాపిడికి మంచు పైపొర కాస్త వేడెక్కి రాయి ఇంకా దూరం, ఇంకా తిన్నగా పోతుందని తేలాక అందరూ దాన్ని తమ మాటల్లో రాశారు. గైడులో లేని ప్రశ్న కనుక ఎవరి జవాబు వారిదే అయింది.

వ్యాకరణమూ అంతే. బాబ్‌స్లెడ్ అనే మంచు బండిని నలుగురూ తోసి, ఎక్కి, వంగి, కూర్చుని దూసుకుపోతారు. ఒక పని చేసి మరో పని చేయడాన్ని చెప్పే క్త్వార్థకానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? స్కీయింగ్, తుపాకీ గురి కలిసిన బయాథ్లాన్‌లో, స్ప్రింట్ పోటీలో గురి తప్పితే ప్రతి గుండుకూ 150 మీటర్లు అదనంగా తిరగాలి. అది షరతు చెప్పే చేదర్థకం. తప్పినా గెలిచారంటే, ‘అయినా సరే’ అనే అప్యర్థకం. ఆట చూస్తూ చెప్పిన వాక్యంలో ఇవి దొరికితే పిల్లలు మరిచిపోరు.

వాదనకు స్టీవెన్ బ్రాడ్‌బరీ ఉన్నాడు. 2002 సాల్ట్ లేక్ సిటీలో వెయ్యి మీటర్ల షార్ట్ ట్రాక్ స్కేటింగ్ ఫైనల్లో అందరికన్నా వెనకున్న ఈ ఆస్ట్రేలియా ఆటగాడు, చివరి మలుపులో ముందున్న నలుగురూ పడిపోవడంతో స్వర్ణం గెలిచాడు. అదృష్టమా, అర్హతా? "పడకుండ నిలబడుడు సుత ఆటనే గద సార్" అన్నాడొక పిల్లవాడు. ఆ గంటంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే నడిచింది.

లేఖారచనకు శివ కేశవన్‌ను తీసుకున్నాం. చిన్న మంచు బండి మీద వెల్లకిలా పడుకుని జారే లూజ్‌లో ఆరు శీతాకాల ఒలింపిక్స్ ఆడిన మన హిమాచల్ క్రీడాకారుడాయన. భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉండటంతో 2014 సోచిలో జాతీయ జెండా లేకుండా ఒలింపిక్ పతాకం కిందే పోటీ పడాల్సి వచ్చింది. ఆయనకు రాసిన లేఖల్లో "ఇక్కడ మేమంతా క్షేమం" అనే అరిగిపోయిన మొదలు ఒక్కరూ పెట్టలేదు.

పదో తరగతికి ఫిబ్రవరిలో రివిజన్ తప్ప మరోటి సాగదని నాకు తెలుసు. నేను అడిగేది ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల గురించి. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో ప్రాజెక్టు పనికి ఎలాగూ చోటుంది. అయినా చాలాచోట్ల అది నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అట్ట వేసి ఇచ్చే కాగితాలకే పోతోంది. దాని బదులు పిల్లలు చూసిన ఆటకు సొంత వ్యాఖ్యానం చెప్పినా, రాసినా మార్కులు వేయవచ్చని విద్యాశాఖ స్పష్టంగా చెప్పాలి. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు క్లాసులో ఆట వీడియో నడుస్తుంటే కాలక్షేపం కింద జమకట్టకూడదు.

మీ పత్రికకు ఒక మనవి. శీతాకాల ఒలింపిక్స్ మళ్లీ 2030లో ఫ్రాన్స్‌లో. అంతదాకా ఆగనక్కర్లేదు, స్కీయింగ్, బయాథ్లాన్ ప్రపంచకప్ పోటీలు ఏటా చలికాలంలో జరుగుతూనే ఉంటాయి. నవంబరు నుంచి మార్చి దాకా విద్యార్థుల పేజీలో వారానికో మంచు ఆట ఫొటో పెద్దదిగా వేసి, కింద నియమాలు నాలుగు వాక్యాల్లో ఇవ్వండి. మిగతా వాక్యాలు పిల్లలనే రాసి పంపమనండి. ఇంటర్నెట్ సరిగా అందని బడులకు ఆ ఫొటోనే వీడియో.

— ఒక తెలుగు ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా