"మీ సైజు రాదక్కా"

సంపాదకులకు నమస్కారం,

మొన్న నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపుకి మా చెల్లెలికి చుడీదార్ కొందామని వెళ్తే, ఏమీ చూపించకముందే "మీ సైజు రాదక్కా" అని గట్టిగా అనేశారు, చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అది కళ్లనీళ్లతో బయటికొచ్చేసింది. దానికి థైరాయిడ్ ఉంది, మందులు వాడుతోంది, అయినా పెళ్లిచూపుల నుంచి పేరంటాల దాకా "అన్నం తగ్గించమ్మా" అనేవాళ్లే. థైరాయిడ్, పీసీఓఎస్ (ఆడవాళ్లకి వచ్చే ఒక హార్మోన్ల సమస్య) వల్ల కూడా బరువు పెరుగుతుందండీ! ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూడ్డానికి అందరూ చెప్పే బీఎంఐ లెక్క కూడా 1830ల్లో బెల్జియం గణిత శాస్త్రవేత్త క్వెట్లే జనాభా సగటుల కోసం వేసింది, ఒక మనిషి ఆరోగ్యాన్ని అదొక్కటే తేల్చలేదు. షుగరు, బీపీ సంగతి డాక్టరు చూసుకుంటారు. షాపులవాళ్లు దయచేసి పెద్ద సైజులు కూడా తెప్పించండి, లేకపోతే ఆ మాట మెల్లగా చెప్పండి.

- ఒక అక్క, కావలి